ఆగని కుక్క, ఆగే క్షణం

మా కాటుకకి మూడేళ్లు. పేరుకు తగ్గట్టే ఒళ్లంతా నలుపు, ఛాతీ మీద మాత్రం అరచేయంత తెల్లమచ్చ. విశాఖపట్నంలో మా వీధిలోనే పుట్టిన నాటు కుక్క. అది ఇంటికొచ్చిన మొదటి ఏడాదిలోనే నా ఫోన్‌లో దాని ఫోటోలు వేలల్లో చేరాయి. చూడదగ్గవి ఏరితే పట్టుమని పది లేవు. మిగతా వాటిలో ఒక నల్లటి చార, ఫ్రేమ్ దాటిపోతున్న తోక, ముఖం ఉండాల్సిన చోట ఖాళీ గచ్చు. నిద్రపోతున్నప్పుడు తీసినవి బాగానే వచ్చాయి. కానీ గేటు గడియ చప్పుడు వినగానే వరండా మలుపులో కాళ్లు జారుతున్నా లెక్కచేయకుండా దూసుకొచ్చే కాటుక వాటిలో లేదు. నాకు కావలసింది ఆ కాటుక.

ఈ విషయంలో అందరూ ముందుగా ఇచ్చే సలహా, కుక్కని కదలకుండా కూర్చోబెట్టమని. "సిట్", "స్టే" నేర్పడం మంచిదే, రోజూ పనికొస్తాయి. కానీ హుషారైన కుక్కని కూర్చోబెట్టి తీస్తే ఫోటోలో దాని ఓపిక కనిపిస్తుంది, హుషారు కనిపించదు. మూడేళ్లలో నాకు అర్థమైంది ఏమిటంటే, పరుగెత్తే కుక్క కూడా ఆగుతుంది. మనం ఆపనక్కర్లేదు, దాని కదలికలోనే ఆగే చోట్లు ఉన్నాయి. ఒక్కొక్కటి సెకనులో మూడో వంతో, అయిదో వంతో. అవి ఎక్కడొస్తాయో కనిపెట్టి, మనం ముందే అక్కడ సిద్ధంగా ఉండాలి. దీనికి వెలుతురు, ఫోన్ పనిచేసే తీరు, కుక్క స్వభావం మూడూ తెలియాలి. ఈ మూడూ ఒకదాంట్లో ఒకటి చిక్కుకుని ఉంటాయి కాబట్టి, ఎక్కడ పొరపాటు జరిగిందో తేలక నింద ఫోన్ మీద వేస్తాం. కొత్త ఫోన్ కొన్నాక కూడా అవే చారలు వస్తాయి.

సెకనులో ఎన్నో వంతు

ముందు వేగం లెక్క చూద్దాం. మామూలు పెంపుడు కుక్క ఆటలో పడితే గంటకు 30 కిలోమీటర్ల వేగం సులువుగా అందుకుంటుంది. అంటే సెకనుకు 8 మీటర్ల పైమాటే. ఫోటో తీసేటప్పుడు కెమెరా సెన్సర్ మీద వెలుతురు పడే సమయాన్ని షట్టర్ స్పీడ్ అంటారు. అది సెకనులో 60వ వంతు అనుకుందాం. మన లెక్కలో అది రెప్పపాటు కంటే తక్కువ. కానీ ఆ లోపే కుక్క దాదాపు 14 సెంటీమీటర్లు ముందుకు జరిగిపోతుంది. ఇంచుమించు దాని తల పొడవంత. ఇక ఫోటోలో చార కాక ఇంకేం వస్తుంది! 250వ వంతులో అయితే 3 సెంటీమీటర్ల పైన జరుగుతుంది. 1000వ వంతులో సెంటీమీటరు కంటే తక్కువ, 2000వ వంతులో 4 మిల్లీమీటర్లు. పరుగు ఫోటోలో కళ్లు, మీసాలు స్పష్టంగా కనిపించాలంటే 1000వ వంతు దగ్గర మొదలుపెట్టాలని అందుకే అంటారు.

కాళ్ల లెక్క వేరు. నేల మీద ఆనిన పాదం ఆ క్షణంలో అసలు కదలదు. గాలిలో ముందుకు విసిరే పాదం ఒంటికంటే బాగా వేగంగా, ఇంచుమించు రెట్టింపు వేగంతో వెళుతుంది. ముఖం చక్కగా వచ్చి ముందరి పాదం ఒక్కటే చెదిరిపోయిన ఫోటోలు మీ దగ్గర కూడా ఉండే ఉంటాయి. వాటిని చెరిపేయకండి. ఆ కాస్త చెదరడం వల్లే అది పరుగు అని తెలుస్తుంది. నాలుగు కాళ్లూ బొమ్మలో లాగా బిగుసుకుపోయిన ఫోటో కంటే నాకు అదే ఇష్టం.

కుక్క ఎటు పరుగెడుతోందన్నది కూడా ముఖ్యం. మన ముందు నుంచి అడ్డంగా పోయే కుక్క ఫ్రేమ్‌లో ఒక చివర నుంచి ఇంకో చివరకి జరుగుతుంది. మన వైపే వచ్చే కుక్క ఫ్రేమ్‌లో ఉన్నచోటే ఉండి పెద్దదవుతూ వస్తుంది. వేగం ఒకటే అయినా రెండో దాంట్లో చార తక్కువ. మొదట్లో మీ వైపు పరుగెత్తుకొచ్చే ఫోటోలే ప్రయత్నించండి. ఇంట్లో ఒకరు కుక్కని పట్టుకుని దూరంగా నిలబడితే, ఇంకొకరు మీ వెనక నుంచి పిలవాలి. పైగా అప్పుడు దాని ముఖంలో మనల్ని చేరాలన్న ఆత్రం కూడా ఉంటుంది.

ఇంక మన వేలు. కంటికి కనిపించాక వేలు కదలడానికి సెకనులో పావు వంతు దాకా పడుతుంది. ఆ పావు వంతులో కుక్క రెండు మీటర్లు దాటేసింది. అంటే "ఆహా, ఎంత బాగుంది" అనిపించాక నొక్కితే ఆ దృశ్యం అప్పటికే అయిపోయింది. దీనికి బర్స్ట్ ఒక మందు. ఐఫోన్‌లో షట్టర్ బటన్‌ని ఎడమవైపుకి లాగి పట్టుకుంటే వరసగా ఫోటోలు పడతాయి, శాంసంగ్ ఫోన్లలో ఎక్కువగా కిందికి లాగాలి. మీ ఫోన్‌లో ఎలాగో ఒకసారి చూసిపెట్టుకోండి, ఎందుకంటే కుక్క పరుగు మొదలయ్యాక వెతుక్కునే తీరిక ఉండదు. అయితే బర్స్ట్ ఒక్కటే చాలదు. అది ఎప్పుడు మొదలుపెట్టాలో తెలియాలి. దాని గురించి తర్వాత చెబుతాను. అంతకంటే ముందు వెలుతురు.

హాల్లో ట్యూబ్‌లైట్, బయట ఎండ

నట్టెండలో నేల మీద పడే వెలుతురు సుమారు 1,00,000 లక్స్ ఉంటుంది (లక్స్ అంటే వెలుతురుకి కొలత). మబ్బు పట్టిన పగలు అది 10,000 దగ్గరికి పడిపోతుంది. పగటిపూట ఇంట్లో కిటికీ పక్కన వెయ్యి అటూఇటూ. రాత్రి ట్యూబ్‌లైట్ వేసిన హాల్లో నూటికి రెండు వందలకి మధ్య. మళ్లీ ఒకసారి చూడండి: ఎండకీ మన హాలుకీ మధ్య తేడా అయిదు వందల నుంచి వెయ్యి రెట్లు ఉంది. మన కన్ను దీన్ని గుర్తించదు. బయట నుంచి లోపలికొచ్చిన నిమిషంలోనే సర్దుకుని "లైటు బాగానే ఉందిగా" అంటుంది. ఫోన్‌కి ఆ వెసులుబాటు లేదు. వెలుతురు తగ్గితే దానికున్నవి రెండే దారులు. ఎక్కువసేపు తెరిచి ఉంచడం, లేదా అందిన కొద్ది వెలుతురునే గట్టిగా పెంచి చూపించడం. మొదటి దారిలో చారలు, రెండో దారిలో ఇసక చల్లినట్టు చుక్కలు.

మంచి ఎండలో మామూలు ఫోన్ ఎవరూ చెప్పకుండానే సెకనులో కొన్ని వేలవ వంతుకి వెళ్లిపోతుంది. అదే ఫోన్ రాత్రి హాల్లో 30వ వంతు దాకా దిగుతుంది. ఫోన్ అదే, కుక్క అదే. పైగా చీకటిలో చాలా ఫోన్లు వరసగా కొన్ని ఫోటోలు తీసి వాటిని కలిపి ఒక్కటిగా ఇస్తాయి. గోడకీ పూలకుండీకీ అది అద్భుతంగా పనిచేస్తుంది. కుక్కకైతే రెండు ముక్కులు, మూడు చెవులు వస్తాయి. నైట్ మోడ్ తనంతట తాను ఆన్ అయితే కుక్క ఫోటోలకి ఆపేయండి.

ఫ్లాష్ జోలికి నేను వెళ్లను. కుక్క కంటి వెనక అద్దంలాంటి పొర ఒకటి ఉంటుంది. లోపలికొచ్చిన వెలుతురుని మళ్లీ వెనక్కి పంపి, మసక చీకటిలో కూడా దానికి బాగా కనిపించేలా చేసేది అదే. ఫ్లాష్ వెయ్యగానే ఆ పొర ఆకుపచ్చగానో పసుపుగానో మెరిసి కళ్లు దెయ్యం కళ్లలా వస్తాయి. ఫోటో పాడవడం ఒక ఎత్తు, చీకటికి అలవాటుపడిన ఆ కళ్లలోకి ఒక్కసారిగా అంత వెలుగు కొట్టడం ఇంకో ఎత్తు.

ఎక్కువ ఫోన్లలో ప్రో మోడ్ ఉంటుంది, అందులో షట్టర్ స్పీడ్ మనమే పెట్టుకోవచ్చు. ఐఫోన్‌తో వచ్చే కెమెరా యాప్‌లో అది లేదు, వేరే యాప్ వేసుకోవాలి. ఇంట్లో ఎల్‌ఈడీ బల్బుల కింద షట్టర్ మరీ పెంచితే ఫోటో మీద అడ్డంగా నల్లటి పట్టీలు రావచ్చు. మన కరెంటు సెకనుకు 50 ఆవృత్తులు తిరుగుతుంది కాబట్టి కొన్ని బల్బులు సెకనుకు 100 సార్లు మిణుకుతాయి. మన కంటికి ఆనదు, కెమెరాకి ఆనుతుంది. అలాంటప్పుడు 100వ వంతుకి దించితే పట్టీలు పోతాయి, పరుగు మళ్లీ చెదురుతుంది. అందుకే రాత్రిపూట హాల్లో పరుగు ఫోటోల మీద నేను ఆశ వదులుకున్నాను. ఇంట్లోనే తీయాలంటే పొద్దున పూట తలుపు బార్లా తీసి, గడపకి రెండడుగుల లోపల కుక్క ఉండేలా చూస్తాను. బయటి వెలుతురు దాని ముఖం మీద పడుతుంది, కళ్లలో తలుపు ఆకారం చిన్న తెల్లటి మెరుపుగా కనిపిస్తుంది. ఆ మెరుపు లేని కళ్లు ఎంత అందమైనవైనా ఫోటోలో జీవం లేనట్టే ఉంటాయి.

అది ఎక్కడ ఆగుతుంది

కుక్క బంతి కోసం ఎగిరిందనుకోండి. పైకి వెళుతున్నకొద్దీ వేగం తగ్గుతూ, అన్నిటికంటే ఎత్తున ఒక్క క్షణం సున్నా అవుతుంది, తర్వాత కిందికి. హైస్కూల్లో చదివిన లెక్కే ఇది. కానీ దాన్లో ఒక సంగతి నన్ను ఆశ్చర్యపరిచింది. ఎగిరిన మొత్తం ఎత్తులో పైనున్న పావు భాగంలోనే గాలిలో గడిపే సమయంలో సగం గడుస్తుంది. అర మీటరు ఎత్తు ఎగిరితే గాలిలో ఉండేది సుమారు 0.64 సెకను. అందులో 0.32 సెకను అది దాదాపు పైనే ఉంటుంది. పైకి లేస్తున్నప్పుడు 1000వ వంతు కావాల్సిన ఫోటో, అక్కడ 250వ వంతులో కూడా వస్తుంది. అంటే వెలుతురు తక్కువున్నా సరిపోతుంది. అందుకని ఫోన్‌ని కుక్క ఉన్నచోట కాకుండా, అది చేరబోయే ఎత్తులో గురిపెట్టి ఉంచండి. వెనక కాళ్లు వంచి కిందికి కుంగగానే బర్స్ట్ మొదలుపెట్టండి. ఆ కుంగడం దగ్గర నొక్కితే మన వేలు ఆలస్యం కూడా అందులోనే సర్దుకుంటుంది.

ఒక జాగ్రత్త. కుక్కపిల్లల్ని, వయసైన వాటిని, నడుము పొడవుగా ఉండే డాక్స్‌హండ్ లాంటి వాటిని ఫోటో కోసం ఎగిరించకండి. వాటి కీళ్లకి, వెన్నుకి అది మంచిది కాదు. వాటికి నేల మీద ఆగే చోట్లు చాలా ఉన్నాయి.

మలుపు వాటిలో ఒకటి. పరుగెత్తే కుక్క వెనక్కి తిరగాలంటే ముందు వేగం చంపుకోవాలి. బంతిని గోడ వైపు విసిరితే, గోడ దగ్గర అది ఒక్కసారిగా బ్రేకు వేసి, ఒళ్లంతా ఒక పక్కకి వాల్చి, నాలుగు కాళ్లూ నేలని పట్టి తిరుగుతుంది. దుమ్ము లేస్తుంది, చెవులు ఎగురుతాయి. చూడడానికి మహా వేగంగా కనిపించే ఆ ఘడియలో నిజానికి ఒళ్లు చాలా నెమ్మదిగా కదులుతుంది. పరుగు ఫోటోలన్నిటిలో నాకు ఎక్కువ సార్లు కుదిరింది ఇదే. రెండోది ఆటకి పిలిచే భంగిమ. ముందు కాళ్లు చాచి, ఛాతీ నేలకి ఆనించి, వెనక భాగం పైకెత్తి, కళ్లు మన మీదే పెట్టి ఒక్క క్షణం బిగబట్టి ఉంటుంది. ఆ తర్వాతే దూకుడు. మీరు కూడా నేల మీద అరచేతులు చరిచి కాస్త ముందుకు వంగితే, చాలా కుక్కలు అదే భంగిమతో జవాబిస్తాయి.

తిన్నగా పరుగెత్తే కుక్క విషయంలో ఆగే చోటు ఉండదు. కానీ లయ ఉంటుంది. గుర్రం పరుగులో నాలుగు కాళ్లూ నేలని విడిచే ఘడియ ఉందా లేదా అన్న ప్రశ్నకి 1878లో కాలిఫోర్నియాలోని పాలో ఆల్టోలో ఫోటోగ్రాఫర్ ఎడ్వర్డ్ మైబ్రిడ్జ్ వరసగా పెట్టిన కెమెరాలతో జవాబు చెప్పాడు. ఉంది, కాళ్లన్నీ పొట్ట కిందికి ముడుచుకున్నప్పుడు. 1887లో ఆయన ప్రచురించిన 781 పలకల సంకలనంలో కుక్కలూ ఉన్నాయి. వేగంగా పరుగెత్తే కుక్కది గుర్రం లెక్క కాదు. ఒక్కో అంగలో రెండు సార్లు గాలిలోకి లేస్తుంది. కాళ్లు ముడుచుకున్నప్పుడు ఒకసారి, ముందు కాళ్లు ముందుకీ వెనక కాళ్లు వెనక్కీ పూర్తిగా చాచినప్పుడు మరోసారి. గ్రేహౌండ్, మన ముధోల్ జాతి వేటకుక్కల్లో ఇది బాగా కనిపిస్తుంది. మనందరం కోరుకునే ఫోటో ఆ రెండోది. పూర్తి వేగంలో కుక్క సెకనుకు మూడు, నాలుగు అంగలు వేస్తుంది. ఫోన్ సెకనుకు పది ఫోటోలు తీస్తే ఒక్కో అంగకి మూడు పడతాయి. ఆ మూడింటిలో కాళ్లు చాచినది ఉండవచ్చు, ఉండకపోవచ్చు. అందుకే ఒక్క పరుగుతో పని అవ్వదు. ఒకే దారిలో అయిదారు సార్లు పరుగెత్తనిచ్చి, దారిలో ఒక చోటు అనుకుని, అక్కడి నేల మీద ఫోకస్‌ని వేలితో నొక్కిపట్టి లాక్ చేసి, కుక్క ఆ చోటికి రెండు మీటర్ల దూరంలో ఉండగానే బర్స్ట్ మొదలుపెట్టాలి. కుక్కలు దారి పెద్దగా మార్చవు. వెళ్లిన గీత మీదే మళ్లీ వెళతాయి, ఇది మనకి కలిసొచ్చే గుణం.

నల్ల కుక్క, తెల్ల కుక్క

కాటుక లాంటి నల్ల కుక్కలు ఉన్నవాళ్లకి ఇంకో బాధ. కళ్లు ఎక్కడో, నోరు ఎక్కడో తెలియకుండా కుక్క ఆకారంలో ఒక నల్లటి రంధ్రం వస్తుంది. కెమెరాలో వెలుతురు కొలిచే మీటర్, తన ముందున్నది ఏదైనా సగటున మధ్యరకం బూడిద రంగులో ఉందనుకుని లెక్క వేస్తుంది. తెల్లటి ఇసకలో చిన్న నల్ల కుక్క ఉంటే, మీటర్‌కి ఇసకే ఎక్కువ కనిపిస్తుంది. "మరీ వెలుగుగా ఉంది" అని మొత్తం తగ్గించేస్తుంది, కుక్క చీకట్లో మునిగిపోతుంది. అదే నల్ల కుక్క ముఖం ఫ్రేమ్ నిండా ఉంటే "మరీ చీకటి" అని పెంచేస్తుంది, నలుపు వెలిసిపోయి బూడిద రంగవుతుంది. తెల్ల పొమేరేనియన్‌కి, తెల్లటి రాజపాళయానికి ఇదంతా తలకిందులు.

ఇప్పటి ఫోన్లు ముఖం ఏదో, నేపథ్యం ఏదో గుర్తుపట్టి కొంత సర్దుతాయి. మిగతాది మనమే చూసుకోవాలి. కుక్క ముఖం మీద వేలితో నొక్కితే పక్కనే సూర్యుడి బొమ్మ వస్తుంది, దాన్ని పైకీ కిందికీ జరిపి వెలుతురు పెంచుకోవచ్చు, తగ్గించుకోవచ్చు. ఇసకలో కాటుకకి నేను కాస్త పైకి జరుపుతాను. ఇసక కొంచెం వెలిసినా ఫర్వాలేదు, కళ్లు కనిపించడం ముఖ్యం. తెల్ల కుక్కకి మాత్రం ఎండలో కిందికే జరపండి. నీడలో పోయిన వివరం తర్వాత ఎడిటింగ్‌లో కొంత తిరిగొస్తుంది, తెల్లగా కాలిపోయిన బొచ్చు మళ్లీ రాదు.

అన్నిటికంటే నాకు ఎక్కువ ఉపకారం చేసింది మా ఊరి దిక్కు. సముద్రం తూర్పున ఉంది. వేసవిలో అయిదున్నరకల్లా సూర్యుడు నీళ్ల మీదకి వచ్చేస్తాడు. నేను నీళ్లకి వీపు పెట్టి కూర్చుని, కాటుక ఊరి వైపు నుంచి నా మీదకి పరుగెత్తుకొస్తే ఆ పల్చటి ఎండ నేరుగా దాని ముఖం మీద పడుతుంది. నల్ల బొచ్చులో దాగిన గోధుమ రంగు అప్పుడే తెలుస్తుంది. అటూఇటూ మారి నేను సముద్రం వైపు తిరిగితే వెలుతురు దాని వెనక నుంచి వచ్చి ఒళ్లంతా బంగారు అంచు గీసినట్టవుతుంది. సాయంత్రం సూర్యుడు ఊరి వెనక్కి వెళ్లిపోతాడు. తీరమంతా మెత్తటి నీడ, పైన మాత్రం తెల్లటి ఆకాశం. నల్ల కుక్కకి ఇది కూడా మంచి వెలుతురే. మీ ఊళ్లో చెరువు గట్టో, కాలేజీ మైదానమో, మేడ మీదో ఏ దిక్కు నుంచి ఎప్పుడు ఎండ వస్తుందో ఒక్క ఆదివారం కూర్చుని గమనించండి. కెమెరా మార్చినదానికంటే ఎక్కువ తేడా కనిపిస్తుంది.

పొద్దున పూట అనడానికి ఇంకో కారణం వేడి. కుక్కకి చెమట దాదాపు పాదాల్లో తప్ప పట్టదు. ఒళ్లు చల్లబడాలంటే నాలుక బయటపెట్టి ఒగర్చాలి. నాలుక వేలాడుతుంటే ఫోటోలో నవ్వుతున్నట్టు కనిపిస్తుంది. కానీ ఆ నాలుక వెడల్పుగా సాగి, చివర పైకి వంగి, నోటి మూలలు వెనక్కి లాగేసి ఉంటే అది వేడికి తట్టుకోలేకపోతోందని అర్థం. అప్పుడు ఫోన్ లోపల పెట్టి నీళ్లు ఇవ్వాలి. మే నెలలో తారురోడ్డు మీద మన అరచేయి వెనక వైపు అయిదు సెకన్లు ఆనించలేకపోతే దాని పాదాలు కూడా ఆనకూడదు.

దాని కంటితో

కాటుకకి ఎర్ర బంతి విసిరితే గడ్డిలో కళ్ల ముందే ఉన్నా ముక్కుతో వెతుక్కునేది. ముక్కు నేలకి ఆనించిన కుక్క ఫోటోలో వీపే వస్తుంది. తర్వాత తెలిసింది, లోపం దాని తెలివిలో కాదు. 1989లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం శాంటా బార్బరా ప్రాంగణంలో జే నైట్జ్, ఆయన తోటి పరిశోధకులు కుక్కలు రంగులు ఎలా చూస్తాయో పరీక్షించారు. మన కంట్లో రంగుని పట్టే కణాలు మూడు రకాలు, కుక్క కంట్లో రెండే. నీలం, పసుపు వాటికి స్పష్టంగా తెలుస్తాయి. ఎరుపు, ఆకుపచ్చ మధ్య తేడా తెలియదు. పచ్చగడ్డిలో ఎర్ర బంతి వాటికి కలిసిపోతుంది. గడ్డిలో నీలం బంతి వాడండి, ఇసకలో కూడా నీలమే మేలు. అది తల ఎత్తి బంతినే చూస్తూ పరుగెడుతుంది, మనకి ముఖం దొరుకుతుంది.

ఫోన్ చూడగానే ముఖం తిప్పేసుకునే కుక్కలు చాలా ఉన్నాయి. కుక్కల మర్యాదలో కళ్లలోకి అదేపనిగా గుచ్చి చూడడం బెదిరింపు. మనం ముఖానికి అడ్డంగా ఒక నల్లటి గాజు కన్ను పెట్టుకుని ముందుకు వంగితే దానికి ఏమనిపిస్తుంది? నేను రెండు వారాలు ఒక్క ఫోటో కూడా తీయకుండా ఫోన్ బయటికి తీసి ఒక చికెన్ ముక్క పెట్టడం, లోపల పెట్టేయడం, ఇంతే చేశాను. తర్వాత షట్టర్ చప్పుడు వినిపించి ముక్క పెట్టాను. ఇప్పుడు ఆ చప్పుడు వింటే తనే వచ్చి ఎదురుగా నిలబడుతుంది. ముక్క మాత్రం ఫోటో అయ్యాకే. ముందే పెడితే ఫోటోలన్నిటిలో నములుతూ, మూతి నాక్కుంటూ ఉంటుంది.

చెవులు నిక్కబొడవాలంటే పేరు పెట్టి పిలవకండి. పది సార్లు ఊరికే పిలిస్తే పదకొండోసారి అది ఆ పేరుని పట్టించుకోదు, రేపు రోడ్డు మీద నిజంగా పిలవాల్సిన రోజున అది చాలా ప్రమాదం. కొత్త చప్పుడు ఏదైనా వాడండి. మా ఇంట్లో అమ్మ పాలప్యాకెట్ మూల కొంచెం నలిపితే చాలు, చెవులు రెండూ నిలబడి తల ఒక పక్కకి వాలుతుంది. ఏ చప్పుడైనా మొదటిసారి అద్భుతంగా పనిచేస్తుంది, రెండోసారి ఫర్వాలేదు, మూడోసారికి పోతుంది. కాబట్టి మొదటి చప్పుడు వేళకే మీ ఫ్రేమ్, వెలుతురు, ఫోకస్ అన్నీ కుదిరి ఉండాలి.

ఆవలింతలు, మాటిమాటికీ పెదాలు నాక్కోవడం, తల తిప్పకుండా కళ్లు మాత్రం పక్కకి తిప్పి తెల్లగుడ్డు కనిపించేలా చూడడం, చెవులు వెనక్కి అతికించడం. ఇవి కనిపిస్తే అది టెన్షన్ పడుతోంది. అక్కడితో ఆపేయాలి. పుట్టినరోజు టోపీలు, కళ్లజోళ్లు పెట్టి తీసిన చాలా ఫోటోల్లో నాకు ముందుగా కనిపించేవి ఈ గుర్తులే. అయిదు నిమిషాలకి మించి ఒక్కసారి తీయను. లీషు సంగతీ అంతే. తీరంలోనైనా, రోడ్డు పక్కనైనా ఫోటో కోసం లీషు విప్పవద్దు. పొడవాటి సన్నని తాడు కట్టి తీస్తే దాన్ని తర్వాత ఫోన్‌లోనే చెరిపేయవచ్చు.

ఎంత దూరం, ఎంత ఎత్తు

ముక్కు పెద్దగా, చెవులు చిన్నగా వచ్చే ఫోటోలకి కారణం లెన్స్ అనుకుంటాం. అసలు కారణం దూరం. ఫోన్ ముక్కుకి 30 సెంటీమీటర్ల దూరంలో ఉంటే, చెవులు 45 సెంటీమీటర్ల దూరంలో ఉంటాయి. అంటే ముక్కు ఒకటిన్నర రెట్లు పెద్దదిగా కనిపిస్తుంది. రెండు మీటర్లు వెనక్కి వెళితే ఆ తేడా నూటికి ఏడుకి తగ్గిపోతుంది. వెనక్కి వెళ్లి 2 రెట్ల జూమ్ వాడండి. కుక్కకి ఊపిరాడే చోటూ ఉంటుంది.

ఎత్తు విషయం ఒక్క మాటలో చెప్పవచ్చు: దాని కంటి ఎత్తుకి దిగండి. ఫోన్‌ని తలకిందులుగా పట్టుకుంటే లెన్స్ నేలకి దగ్గరవుతుంది, పూర్తిగా పడుకోలేనివాళ్లకి అది సులువు. పోర్ట్రెయిట్ మోడ్ మాత్రం పరుగులో వద్దు. నేపథ్యాన్ని లెక్కలు కట్టి మసకబరిచే ఆ పద్ధతిలో మీసాలు, చెవి బొచ్చు తెగిపోతాయి.

కెమెరా ఉన్నవాళ్లకి కంటిన్యువస్ ఆటోఫోకస్, అంటే కుక్క కదిలినకొద్దీ తనే సర్దుకునే ఫోకస్, పెట్టుకోవడం మొదటి పని. 2019లో సోనీ కొన్ని కెమెరాలకు జంతువుల కన్ను గుర్తించే ఫోకస్‌ని అప్‌డేట్‌గా ఇచ్చింది, 2020లో వచ్చిన కెనాన్ ఆర్5 కుక్కల్ని, పిల్లుల్ని, పక్షుల్ని గుర్తిస్తుంది. నల్ల ముఖంలో నల్ల కళ్లని పట్టడానికి వెలుతురు తక్కువైతే ఇవి కూడా తడబడతాయి. ఇంకో సంగతి, 85 మిల్లీమీటర్ల లెన్స్‌ని ఎఫ్/1.8 దగ్గర (ఈ అంకె లెన్స్ ఎంత తెరుచుకుందో చెబుతుంది, చిన్నదైతే ఎక్కువ తెరిచినట్టు) పెట్టి రెండు మీటర్ల నుంచి తీస్తే స్పష్టంగా ఉండే మందం సుమారు 6 సెంటీమీటర్లే. కన్ను కుదిరితే ముక్కు మసకబారుతుంది. ఎఫ్/4 పెడితే 13 సెంటీమీటర్లు, మూతి మొత్తం లోపలికి వస్తుంది.

నీళ్లు విదిల్చేటప్పుడు

ఇన్ని చెప్పాక, మొదటిసారి ప్రయత్నించేవాళ్లు దేనితో మొదలుపెట్టాలని అడిగితే స్నానం రోజుతో అంటాను. తడిసిన కుక్క విదిలిస్తుంది. ఈ ఒక్క పనిలో అది ఎప్పుడూ మాట తప్పదు. పైగా ఉన్నచోటే నిలబడి చేస్తుంది, కాబట్టి ఫ్రేమ్ ముందే సరిచేసుకోవచ్చు. తల దగ్గర మొదలై భుజాలు, నడుము మీదుగా తోక దాకా అల వెళ్లినట్టు వెళుతుంది. లాబ్రడార్ లాంటి పెద్ద కుక్క సెకనుకు నాలుగైదు సార్లు అటూఇటూ తిరుగుతుంది, చిన్న కుక్కలు ఇంకా వేగంగా. చర్మం ఎముకల కంటే వదులుగా ఉంటుంది కాబట్టి తల ఆగి వెనక్కి తిరిగినా బుగ్గలు, చెవులు ఇంకా అటే పోతుంటాయి. మనం నిత్యం చూసే ముఖం ఆ ఫోటోలో పూర్తిగా కొత్తగా కనిపిస్తుంది.

మేడ మీద ఉదయం ఎనిమిదింటికి, ఎండ దాని వెనక ఒక పక్క నుంచి వచ్చేలా నిలబెట్టండి. వెనక నీడలో ఉన్న గోడ గానీ చెట్టు గానీ ఉండాలి. అప్పుడే నీటిచుక్కలు ఒక్కొక్కటీ విడిగా మెరుస్తాయి. తెల్లటి ఆకాశం వెనకుంటే అవి కనిపించవు. షట్టర్ 2000వ వంతు, ఆ ఎండకి ఫోన్ దాదాపు తనే అక్కడికి వెళుతుంది. మూడు మీటర్ల దూరంలో కూర్చుని, జూమ్ పెట్టుకుని, ముఖం మీద ఫోకస్ లాక్ చేసి, చివరి చెంబు నీళ్లు పోసినవాళ్లని పక్కకి తప్పుకోమనండి. విదిలించే ముందు అది కాళ్లు కాస్త ఎడంగా పెట్టి, తల కొద్దిగా కిందికి దించుతుంది. నొక్కాల్సింది అప్పుడే. ఒక్కో వైపు తల తిరిగి ఆగే చివరి బిందువు దగ్గర ముఖం స్పష్టంగా పడుతుంది, చెవులు మాత్రం గాలిలో ఉంటాయి. రెండు సెకన్ల బర్స్ట్‌లో అలాంటివి మూడో నాలుగో దొరుకుతాయి. ఆ వెంటనే అది మీ ఒళ్లో దూకుతుంది కాబట్టి తువ్వాలు దగ్గర పెట్టుకోండి. ముందు కుక్కని తుడవండి, తర్వాత లెన్స్‌ని.